ఎలుగుబంటికి ఏ తుపాకి?

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టమీద సాయంకాలము నలుగురము కూడి మాటలాడుకొనుట మాకు అలవాటు. ఒకనాడు ఆ మాటల నడుమ చిత్రమైన ప్రశ్న యొకటి వచ్చినది. మా మిత్రులొకరి మనుమడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ దేశమున పలు రాష్ట్రములలో లైసెన్సు పుచ్చుకొని, నిర్ణయించిన దినములలో నల్ల ఎలుగును వేటాడుటకు చట్టము అనుమతించుచున్నది. ఆ యువకుడు తోడి ఉద్యోగులతో కలిసి అడవికి పోవ నెంచి, "తాతా, వెనుకటి రోజులలో మన వైపు ఎలుగుబంటిని దగ్గరనుండి కొట్టుటకు ఏ రైఫిలు వాడెడివారు? ఏ కాలిబరు మంచిది?" అని ఫోనులో అడిగినాడట. మిత్రులు ఆ ప్రశ్నను మా ముందుంచిరి.

తుపాకి పేరొకటి చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ పేరు ఎందుకు చెప్పవలసి వచ్చినదో తెలియనిచో ఆ జవాబు పనికిరాదు. అందుచేత మొదటినుండి విచారింతము. అంతకు ముందొక మాట. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఎలుగుబంటి నేడు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. దానిని వేటాడినవారికి మూడేండ్లకు తగ్గని, ఏడేండ్లవరకు విధింపదగిన జైలుశిక్ష కలదు. కనుక మేము వ్రాయునది ఇక్కడి అడవులలో ఎవరును ఆచరించుటకు కాదు. వెనుకటివారి అనుభవమునుండి తేలిన విషయము నొకదానిని తెలుపుటకే. ఆ విషయము నేటికిని ఒక మంచి పనికి ఉపయోగపడుచున్నది. ఆ సంగతి చివర చెప్పుదుము.

తుపాకి ఎన్నికలో మొదటి ప్రశ్న జంతువు ఎంత పెద్దది అనునది కాదు. అది ఎంత దూరమున కనబడును అనునది. మా ఊరికి తూర్పుగా రాచకొండ గుట్టలు కలవు. 14వ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకులు కోట కట్టి యేలిన తావది. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు బండలు, వాని నడుమ సొరంగముల వంటి సందులు, సీతాఫలము, రేగు, పరికి పొదలు. దక్కను పీఠభూమిలో ఎలుగుబంటి కోరెడి నివాసము సరిగా ఇట్టిదే. కన్నడదేశములో హంపికి చేరువగా, దరోజివద్ద 1994లో ఎలుగుబంట్ల కొరకే ఏర్పాటైన అభయారణ్యము కూడ ఇటువంటి బండల గుట్టలలోనే యున్నది. మా ఊరి మీదుగా నాగార్జునసాగరుకు పోవు బాట పట్టి కృష్ణానది దాపునకు పోయినచో నల్లమల అడవి వచ్చును. అందులో ఎలుగులు నేటికిని తిరుగుచున్నవి.

ఇట్టి చోటులలో నూరు గజముల దూరమున ఎలుగును చూచుట అరుదు. పొద దాటగానే, బండ మలుపు తిరుగగానే, పది పదునైదు గజములలో ఎదురగును. అందుకు ఆ జంతువు స్వభావము కూడ కారణము. దానికి చూపు మందము. వాసన పట్టుటలో మాత్రము గట్టిది. చెదపుట్టను గోళ్ళతో త్రవ్వి, మూతి లోపలికి పెట్టి పురుగులను పీల్చునపుడు ఆ చప్పుడు నూరు గజముల వరకు వినవచ్చును. పై దవడలో ముందు నడిమి పండ్లు రెండు దానికి లేవు. ఆ సందు పీల్చుటకు అనుకూలము. ఆ ధ్యాసలో నున్నపుడు మనిషి దగ్గరకు వచ్చినను అది గమనింపదు. గమనించిన క్షణమున పారిపోవుటకు మారుగా తరచు పైబడును. పులులున్న అడవులలో పుట్టలను వెదకుచు నేలపై తిరుగు జంతువునకు, పిల్లలను వీపుపై మోయు తల్లికి, ఎదురుదాడియే రక్షణ యైనదని ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఇపుడు చిన్న లెక్క వేయుదము. గంటకు ముప్పది కిలోమీటర్ల వేగమున వచ్చు జంతువు ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా దాటును. పాతిక మీటర్ల దూరము దానికి మూడు సెకనుల పని. పది మీటర్లకు ఒక సెకనుకు కొంచెము పైన పట్టును. ఈలోపల తుపాకి భుజమున కెత్తవలెను, గురి చూడవలెను, మీట నొక్కవలెను, తప్పినచో రెండవ తూటా పంపవలెను. దగ్గరి వేటకు తుపాకి ఎన్నిక యంతయు ఈ మూడు సెకనులలో ఇమిడియున్నది.

కాలిబరు, బోరు అను మాటలకు అర్థము తెలిసికొందము. కాలిబరనగా గొట్టము లోపలి వెడల్పు. ఇంగ్లీషువారు దానిని అంగుళములో వెయ్యవ వంతులుగా చెప్పుదురు. .315 అనిన ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లు; .405 అనిన పది మిల్లీమీటర్లకు పైన. రైఫిలు గొట్టము లోపల మరచుట్టు గాడులుండును. అవి గుండును గిరగిర త్రిప్పి, దూరముపోయినను దారి తప్పనీయవు. నున్నని గొట్టము గల తుపాకులకు లెక్క వేరు. పండ్రెండు బోరు అనగా, ఆ గొట్టమునకు సరిపడు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగునని అర్థము. కనుకనే బోరు అంకె తగ్గినకొలది గొట్టము పెద్దదగును. పండ్రెండు బోరు గొట్టము దాదాపు పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. గుండు బరువును గ్రెయిన్లలో చెప్పుదురు. పదునైదు గ్రెయిన్లకు కొంచెము పైన ఒక గ్రాము.

తెలంగాణ పల్లెలలో లైసెన్సు గలవారి యింట తరచుగా కనబడినది జోడు గొట్టముల పండ్రెండు బోరు తుపాకి. పిట్టలకు సన్నని రవ్వలు, పెద్ద జంతువులకు ఎల్.జి., ఎస్.జి. అనెడి లావు గుళ్ళు, లేదా ఒంటిగుండు, ఏదైనను దానిలోనే పెట్టి కాల్చవచ్చును. దీనికి రెండు గొప్ప గుణములు కలవు. భుజమున కెత్తిన వెంటనే కన్ను, గొట్టము ఒక్క వరుసలోనికి వచ్చును. మొదటి తూటా తప్పినను రెండవది మీటక్రింద సిద్ధముగా నుండును. కాని లావు గుళ్ళతో నొక ప్రమాదమున్నది. పది పదునైదు గజములలో అవి గుంపుగా తగులును. ముప్పది గజములు దాటినపుడు చెదరిపోయి, ఒకటి రెండు మాత్రమే తగిలి, దట్టమైన వెండ్రుకలలోను కొవ్వులోను నిలిచిపోవును. జంతువు చావదు, గాయపడిన కోపముతో పొదలో దూరును. అందుచేత తెలిసినవారు ఎలుగు విషయమున గుళ్ళను నమ్మక ఒంటిగుండునే వాడిరి. ఈ అవసరమును గుర్తించి ఫాస్బరీ అను సైనికాధికారి 1885లో ఒక ఉపాయము పేటెంటు చేసెను. గొట్టమంతయు నున్నగా నుంచి, చివరి కొన్ని అంగుళములలో మాత్రము మరగాడులు కోయుట ఆ ఉపాయము. లండనులోని హాలండ్ అండ్ హాలండ్ వారు దీనిని 'పారడాక్సు' అను పేర తయారుచేసిరి. ఒకే తుపాకి పిట్టలకును పెద్ద మెకములకును పనికివచ్చుటచేత ఇది హిందూదేశపు వేటగాండ్రలో మంచి పేరు పొందినది.

రైఫిలు విషయమున వేటగాని ఇష్టముకంటె ప్రభుత్వపు భయమే ఎక్కువగా పనిచేసినది. .303 బ్రిటిషు సైన్యము వాడిన తూటా. అది తిరుగుబాటుదారుల చేతికి చిక్కునని దొరతనమువారు ఆ కాలిబరును ప్రజలకు నిషేధించిరి. అదే భయముతో 20వ శతాబ్ది తొలి దశకమున .450 కాలిబరును కూడ ఈ దేశమునకు రానీయలేదు. తుపాకుల తయారీదారులు ఊరకుండక .465, .470 మొదలగు కొత్త కాలిబరులు కల్పించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1959 నాటి ఆయుధ చట్టము క్రిందను .303 నిషిద్ధ బోరుగానే మిగిలినది. ఈ కారణముచేతనే సామాన్య పౌరునికి అందుబాటైన రైఫిలు .315 అయినది. వంగదేశములోని ఇషాపూరు కర్మాగారము దీనిని తయారుచేసినది. ఇది బోల్టు రైఫిలు. ఒక తూటా కాల్చిన పిదప పిడిని పైకెత్తి, వెనుకకు లాగి, ముందుకు త్రోసి, క్రిందికి నొక్కిన గాని రెండవది సిద్ధము కాదు. ఎలుగును చంపుటకు దీని శక్తి చాలును; మూడు సెకనుల లెక్కలో మాత్రము వెనుకబడును.

ఈ రెండింటికి నడుమ దారి చూపినవా రొకరు మన హైదరాబాదు సీమలో పుట్టినవారే. 1910లో బొల్లారములో జన్మించి బెంగుళూరులో స్థిరపడిన కెన్నెత్ ఆండర్సను తన వేటకథలవలన లోకప్రసిద్ధులైరి. వారు నమ్మి వాడిన రైఫిలు .405 వించెస్టరు. 1904లో వెలువడిన ఈ తూటాలో గుండు బరువు 300 గ్రెయిన్లు, అనగా పందొమ్మిది గ్రాములకు పైన. గొట్టము విడిచినపుడు దాని వేగము సెకనుకు ఇంచుమించు 2,200 అడుగులు. మీట చుట్టునున్న ఇనుపపిడిని ఒక్కసారి క్రిందికి త్రోసి పైకి లాగినచో తరువాతి తూటా సిద్ధమగును. రైఫిలును భుజమునుండి దింపనక్కరలేదు. 1957లో వచ్చిన 'మాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్' అను పుస్తకమున వారు మైసూరు రాజ్యములో అర్శికెరె ప్రాంతమున మనుష్యులపై పడిన నల్ల ఎలుగు నొకదానిని చంపిన కథ వ్రాసినారు. వారి కథనము ప్రకారము అది పండ్రెండుగురిని చంపినది. అంతకు రెట్టింపు మందిని ముఖములు చీల్చి వికలాంగులను చేసినది.

ఈ అనుభవముల నన్నింటిని కలిపి చూచినచో నాలుగు సంగతులు తేలుచున్నవి.

మొదటిది గుండు సంగతి. దగ్గరి వేటలో గుండు ఎంత దూరము తిన్నగా పోవునో చూడనక్కరలేదు. తేలికయై మిక్కిలి వేగముగా పోవు సన్నని గుండు భుజపుటెముకకు తగిలి పైపైనే పగిలిపోవచ్చును. మధ్యరకపు వేగమున పోవు బరువైన మెత్తమొన గుండు లోతునకు దిగి, విచ్చుకొని, అక్కడికక్కడ జంతువును నిలుపును. మొన యంతయు గట్టి లోహపు తొడుగు గల గుండు సన్నని రంధ్రము చేసి ఆవలికి పోవును. ఆవల మనిషియున్న వానికిని ప్రమాదమే.

రెండవది గురి సంగతి. దుర్భిణి బిగించిన రైఫిలు దూరపు గురికి మేలు. పది గజములలోని నల్లని జంతువు దానిలో నల్లని మసకగా మాత్రమే కనబడును. దగ్గరి వేటకు వెడల్పు గాడి గల తెరపి గురి, చివర తెల్లని పూస, ఇవే చాలును. దుర్భిణి తప్పదన్నచో చాల తక్కువగా పెద్దది చేసి చూపునది కావలెను.

మూడవది ఒక అపోహ. లావు గుండు పొదలను చీల్చుకొని తిన్నగా పోవునని పలువురు నమ్మిరి. అది నిజము కాదు. చిటికెన వ్రేలంత కొమ్మ తగిలినను ఏ గుండయినను దారి తప్పును. సందు కనబడువరకు ఆగుటయే ఉపాయము.

నాలుగవది తన్ను సంగతి. పెద్ద తుపాకి భుజమును గట్టిగా తన్నును. ఆ తన్నునకు జంకువాడు మీట నొక్కుటకు ముందే కన్ను మూసి మోచేయి కదల్చును. అట్టివాని చేతిలో పెద్ద కాలిబరు కంటె, జంకులేక కాల్చగల మధ్యరకపు కాలిబరే శక్తిగలది.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఎలుగు దేహమంతయు పొడవైన నల్లని జూలు. ఆ జూలువలన అసలు ఒడలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలియదు. పైవైపు గురిపెట్టినచో గుండు జూలులోనుండి పోవును, లేదా పైపైన చీల్చును. ఎలుగు నిలుచుండి వచ్చును గనుక రొమ్ముపైని తెల్లని గుర్తునకు కొట్టవచ్చునని ఒక మాట కలదు. కాని అది పలుమారులు నాలుగు కాళ్ళపైననే పరుగెత్తి వచ్చి, దగ్గరకు చేరిన పిమ్మట మాత్రమే లేచును. ఆ గుర్తు కనబడునప్పటికి ఆలస్యమగును. గాయపడి పొదలో దూరిన ఎలుగును ఆ రాత్రికే వదలిన వేటగాడు, మరునాడు తునికాకునకో కట్టెలకో పోయిన పేదరాలి మీదికి దానిని పంపినవాడగును. ఆమెకు తుపాకియు లేదు, హెచ్చరికయు లేదు. కనుక కాలిబరు ఎన్నిక వేటగాని ప్రాణమునకు మాత్రమే సంబంధించినది కాదు; ఆ అడవి బాటన నడచు పరుల ప్రాణమునకు కూడ సంబంధించినది.

మిత్రుని మనుమనికి మేము చెప్పిన సమాధాన మిది. అమెరికా నల్ల ఎలుగు మన ఎలుగు కాదు. అది చెట్టెక్కును, మనిషిని చూచి సాధారణముగా తొలగిపోవును. కొన్ని రాష్ట్రములలో ఎర పెట్టియు, కుక్కలను వదలియు వేటాడుదురు గనుక అక్కడను కాల్పు దగ్గరనుండియే జరుగును. దానికి 1895 నుండి వాడుకలోనున్న .30-30 గాని, 1873 నాటి .45-70 గాని, పండ్రెండు బోరు ఒంటిగుండు గాని చాలును. వీనిలో నీ భుజము జంకనిది ఏదో అదియే నీది. వీసాపై నున్నవారు తుపాకి కలిగియుండుటకు అక్కడి చట్టము సాధారణముగా ఒప్పదు. చెల్లుబాటులోనున్న వేట లైసెన్సు మొదలగు కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. ఆ సంగతి ముందు విచారించుకొనుము. పిదప పాతిక గజముల దూరమున నిలుచుండి పది తూటాలు కాల్చి చూడుము. పదియు అరచేయి వెడల్పులో పడిననాడు అడవికి పొమ్ము. పడనినాడు కెమెరా తీసికొని పొమ్ము.

ఇక మన దేశమునకు వత్తము. నేడిక్కడ ఎలుగునకు గురిపెట్టు తుపాకి ఒకటే. అది అటవీశాఖవారి, జంతువైద్యుల మత్తు తుపాకి. దానిలో తూటాకు మారు సూదిమందు గల బాణముండును. దానిని గాలి ఒత్తిడితోనో వాయువుతోనో వదలుదురు. ఆశ్చర్యమేమనగా వెనుకటి వేటగాని లెక్కలన్నియు దీనికిని వర్తించుచున్నవి. దూరము తెలియనిదే ఒత్తిడి నిర్ణయింపరాదు. ఒత్తిడి ఎక్కువైన బాణము ఎముక విరుగగొట్టును. తక్కువైన జూలులోనే చిక్కుకొనును. తొడ కండయో భుజపు కండయో కనబడువరకు ఆగవలెను. బరువు అంచనా తప్పినచో మందు చాలదు, లేదా మించిపోవును. కెటమిన్, జైలజిన్ కలిపిన మందు పనిచేయుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషములలో జంతువు బావిలో పడవచ్చును, జనముమీద పడవచ్చును.

2022 జూనులో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతమున ఎలుగుబంటి ఒకరిని చంపి, మరికొందరిని తీవ్రముగా గాయపరచినది. మత్తుమందిచ్చి పట్టుకొన్న పిదప అదియు ప్రాణము విడిచెను. 2023లో కరీంనగరు శివారు రేకుర్తిలోనికి వచ్చిన ఎలుగును మత్తుమందిచ్చి పట్టుకొనిరి. మనుష్యులకు ప్రమాదకరమైన జంతువును చంపుటకు అనుమతించు అధికారము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి చట్టము నిచ్చినది. కాని పట్టుటకును, మత్తునిచ్చుటకును, వేరొక తావునకు తరలించుటకును వీలులేదని తేలిన పిమ్మటనే ఆ అనుమతి. తన ప్రాణమునో పరుల ప్రాణమునో కాపాడుకొనుటకు సద్బుద్ధితో ఎదిరించినవాడు నేరస్థుడు కాడని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది.

ఆ మూడు సెకనులు మీద పడకుండ చూచుకొనుటయే సామాన్యునికి తగిన ఆయుధము. ఎండకాలమున ఇప్పపూవు ఏరుటకు, తునికాకు కోయుటకు వేకువచీకటిలో ఒంటరిగా పోరాదు. నలుగురు కలిసి, బిగ్గరగా మాటలాడుచు నడువవలెను. పొద, బండసందు, చెదపుట్ట కనబడిన చోట కఱ్ఱతో నేలను తట్టుచు పోవలెను. పిల్లగల తల్లి కనబడిన వెనుదిరిగి పరుగెత్తక, మెల్లగా వెనుకడుగు వేయవలెను. ఊరిలోనికి ఎలుగు వచ్చినదన్న కబురు తెలిసినచో చుట్టుముట్టి కేకలు వేయక, రాళ్ళు రువ్వక, దానికి పోవు దారి విడిచి, అటవీశాఖవారికి తెలుపవలెను. గుంపు కూడినచోట మత్తు తుపాకి పట్టిన వైద్యునికి సరియైన దూరమును దొరకదు, సరియైన గురియు దొరకదు.

మా మిత్రులు ఈ మాటలన్నియు మనుమనికి చెప్పిరి. ఈ యేడు వేట మాని, తుపాకి కాల్చుట నేర్చుకొనెదనని అతడు చెప్పినాడట. అది మంచి ఆరంభమని మా కందరికిని తోచినది.